కొలిన్‌స్కీ, స్క్విరల్ బ్రష్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, వాటర్ కలర్ ఈమధ్యే మొదలుపెట్టిన వాళ్లకు ఈ రివ్యూతో అంత పని లేదు. మంచి సింథటిక్ రౌండ్ బ్రష్ ఒకటి కొని మిగతా డబ్బు పేపరు మీద పెట్టండి, ఎందుకంటే చవక పేపరు మీద వేల రూపాయల బ్రష్ ఆడించినా వాష్ (నీళ్లు ఎక్కువ కలిపి పరిచే పల్చటి రంగు పూత) మరకలు కట్టే ఆరుతుంది. కాటన్ పేపరుకు అలవాటుపడి, ఆకాశం సగంలో ఉండగానే బ్రష్‌లో తడి అయిపోతోందని విసుగెత్తిన వాళ్ల కోసం రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నవి రెండే. ఒకటి రాఫేల్ 8404, సైజు 8, కొలిన్‌స్కీ. రెండోది ఇసబే 6234, ఉడత వెంట్రుకల మాప్, అంటే మెత్తటి లావుపాటి బ్రష్. రెండూ ఫ్రాన్స్‌వే, రెండూ నేచురల్ హెయిరే, కానీ చేతిలోకి తీసుకుంటే ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే ఉండదు.

కొలిన్‌స్కీ అంటే సైబీరియా వైపు చలిప్రాంతాల్లో తిరిగే వీజెల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుక. దీని గొప్పతనం కొమ్మలు గీసేటప్పుడు తెలుస్తుంది. కొమ్మ మొదలు దగ్గర బ్రష్ పొట్ట, అంటే నడిమి లావు భాగం, అంతా పేపరుకు ఆనేలా నొక్కి, పైకి లాగుతూ ఒత్తిడి తగ్గించుకుంటూ పోతే అదే గీత చివరికి రెమ్మంత సన్నగా తేలుతుంది, చెయ్యి ఎత్తగానే వెంట్రుకలన్నీ వాటంతట అవే మొనకు చేరిపోతాయి. మళ్లీ రంగులో ముంచక్కర్లేదు, ఇంకో కొమ్మ కూడా లాగేయొచ్చు. ఒక్కో వెంట్రుక నడుమ లావుగా, రెండు కొసల వైపూ సన్నగా ఉండటం వల్లే ఆ పొట్ట, ఆ మొన. తయారీలో కొసలను కత్తిరించరు, పుట్టుకతో వచ్చిన కొసే మనకు అందే మొన. సింథటిక్‌కి కూడా కొత్తలో మొన బ్రహ్మాండంగా ఉంటుంది, కొన్ని నెలలకు కొస కొక్కెంలా వంగి ఇక దారికి రాదు.

మాప్ సంగతి వేరు. దానికి స్ప్రింగ్ అసలుండదు, ఎటు వంచితే అటే పడుకుంటుంది, కానీ తాగే నీళ్లు అంతా ఇంతా కాదు. వైజాగ్‌లో వానాకాలం మబ్బు వేయాలంటే నేను ముట్టుకునేది దీన్నే, ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే ఊపులో వాష్ వచ్చేస్తుంది. పక్కన పాత నూలు గుడ్డ పెట్టుకోకపోతే మాత్రం బొట్లు పడి బొమ్మ పాడవుతుంది.

విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ 7 ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. 1866లో విక్టోరియా రాణి కోసం చేసిన బ్రష్ అని పేరు మోసింది కదా. స్నేహితురాలిది అడిగి తెచ్చుకుని వాడాను. నాకైతే 8404 కంటే పొట్ట కాస్త తక్కువ, బిగువు ఎక్కువ అనిపించింది, ముఖాలూ కిటికీలూ వేసేవాళ్లకు నచ్చుతుంది. సైజు అంకె చూసి మాత్రం కొనకండి. ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకటి కావు, మిల్లీమీటర్లు చూసుకోండి.

మన దేశంలో కొనేవాళ్లు ముంగిస సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. ముంగిస వెంట్రుకల బ్రష్ అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అయినా అవి చాటుగా తిరుగుతూనే ఉన్నాయి. 2019 అక్టోబరులో ఆపరేషన్ క్లీన్ ఆర్ట్ పేరుతో దాడులు జరిగాయి, బ్రష్‌ల తయారీకి పేరున్న ఉత్తరప్రదేశ్‌లోని షేర్‌కోట్ పేరు అప్పుడు పేపర్లలో బాగా వినబడింది. గుర్తుపట్టడం కష్టమేం కాదు: కొస ముదురు గోధుమ, నడుమ లేత మీగడ రంగు, కింద మళ్లీ ముదురు, అలా పట్టీలుగా కనిపిస్తే ముట్టుకోవద్దు. ఒక ఆన్‌లైన్ షాపులో ‘ప్యూర్ సేబుల్’ (కొలిన్‌స్కీ లాంటి వీజెల్ జాతి వెంట్రుకకు బ్రష్‌ల వ్యాపారంలో పేరు) అని పెట్టిన ఫోటోలోనే ఈ పట్టీలు స్పష్టంగా చూశాను, ధర కూడా నమ్మలేనంత తక్కువ. అసలు కొలిన్‌స్కీ చవగ్గా రాదు. ఆ వీజెల్‌ను కూడా సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) మూడో అనుబంధంలో చేర్పించింది మన దేశమే, కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొనండి.

షాపులో కొంటే కప్పుతో నీళ్లు అడగండి. కొత్త బ్రష్‌కు జిగురు పట్టించి ఉంటుంది, అది పూర్తిగా కరిగాక ఒక్క విదిలింపు విదిలిస్తే ఒకే మొన రావాలి. రెండుగా చీలితే పక్కన పెట్టేయండి. నీళ్లు ఇవ్వడం కుదరదంటే నేనైతే కొనను.

ఇక జాగ్రత్తలు. సబ్బు గురించి అందరూ తెగ టెన్షన్ పడతారు గానీ రోజూ చల్లటి నీళ్లతో బాగా కడిగి, అప్పుడప్పుడు ఘాటు లేని సబ్బు అరచేతిలో రుద్దితే చాలు. రంగు ఫెర్రుల్ (వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు గొట్టం) లోపలికి ఎక్కి గట్టిపడితేనే వెంట్రుకలు విచ్చుకుపోయేది. ఎండిన పాన్ రంగును (బిళ్లలా గట్టిగా ఉండే రంగు) గీకడానికి పాత సింథటిక్ వాడండి. యాక్రిలిక్, మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా వదలాల్సిన చోట రంగు పట్టకుండా పూసే ద్రవం), వాటర్‌ప్రూఫ్ ఇంకు దగ్గరకు వీటిని రానివ్వకండి. మొన కిందికి పెట్టి నీళ్ల గ్లాసులో వదిలేయడం ఎవరైనా చేస్తుంటే అక్కడికక్కడే ఆపండి.

మన ఊళ్లలో అసలు శత్రువులు తేమ, పురుగు. కడిగాక మొన సరిచేసి, బల్ల అంచున మొన గాల్లో ఉండేలా పడుకోబెడతాను, మర్నాటిదాకా డబ్బాలో పెట్టను. తడి మీద మూత వేస్తే వానాకాలంలో బూజు వాసన ఖాయం. కొన్నప్పుడు వచ్చే ప్లాస్టిక్ గొట్టం మళ్లీ తొడగబోతే అంచు వెంట్రుకలు మడతపడతాయి, పారేయండి. పట్టుచీరలు కొరికే పురుగే వీటినీ తింటుంది, అంచున నాలుగైదు వెంట్రుకలు సగానికి తెగి కనిపిస్తే అదే పని. చాలాకాలం వాడనప్పుడు డబ్బాలో కలరా ఉండ ఒకటి గుడ్డలో చుట్టి పెడతాను. తరచూ వాడే బ్రష్‌కు ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

నా 8404 మొన ఇప్పుడు కొంచెం అరిగింది, రఫ్ పేపరు పుణ్యం. ఆకుల గుబుర్లకూ, తడి తక్కువగా గరుకు గీతలు వేసే డ్రై బ్రష్‌కూ అదింకా బాగానే పనిచేస్తోంది. మాప్ పోతే మాత్రం మళ్లీ నేచురల్ కొనను, సింథటిక్ స్క్విరల్ ఇప్పుడు చాలా దగ్గరకు వచ్చేసింది, పైగా జంతువు గోల లేదు. కొలిన్‌స్కీకి ఇంకా సాటి దొరకలేదు కాబట్టి సైజు 8 ఒక్కటి మళ్లీ కొంటాను. 2, 3 లాంటి చిన్న సైజులకు మాత్రం అంత డబ్బు పెట్టడం దండగ.