మీటర్‌లో 12 వోల్టులున్నా సెన్సార్ పలకలేదు, ఈ టెస్ట్ ల్యాంప్‌తో తేలింది

రివర్స్ గేర్ వేస్తే పార్కింగ్ సెన్సార్ ఒకసారి కుయ్‌మని మధ్యలో ఆగిపోవడం, ఇంకోసారి అసలు పలకకపోవడం, రెండు నెలలు ఇదే గోల. బిగించిన ఆయనకే చూపిస్తే మీటర్ (వోల్టులు కొలిచే మల్టీమీటర్) పెట్టి "పవర్ బాగానే వస్తోందండీ, కంట్రోల్ బాక్స్ పోయింది, సెట్ మొత్తం మార్చేద్దాం" అన్నాడు. నాకు మనసొప్పలేదు. పలికిన రోజున దూరం కరెక్ట్‌గానే చెప్తోంది కదా, బాక్స్ పోతే అలా ఎలా చెప్తుంది అని ఈ టెస్ట్ ల్యాంప్ కొన్నా.

వస్తువు చాలా సింపుల్. స్క్రూడ్రైవర్ లాంటి పిడి, అందులో 5 వాట్ల ఫిలమెంట్ బల్బు, ముందు సూది, వెనక వైరు చివర క్లిప్పు, అంతే. కానీ ఈ బల్బే అసలు సంగతి. మీటర్ దాదాపు కరెంట్ లాగదు, మైక్రోఆంపుల్లో ఉంటుంది, అందుకే వైరు తుప్పు పట్టి ఒక్క పోగు మీద వేలాడుతున్నా 12 చూపించేస్తుంది. ఈ బల్బు వెలగాలంటే 0.4 ఆంపుల దాకా పారాలి, లైన్లో లోపం ఉంటే అప్పుడు బయటపడుతుంది.

ఇంజన్ ఆపేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, టైర్లకి రాళ్ళు పెట్టి, తాళం ఆన్ చేసి రివర్స్ వేశా. డిక్కీ పక్క ప్లాస్టిక్ ఊడదీసి కంట్రోల్ బాక్స్ పవర్ ప్లగ్గు పీకి మీటర్ పెడితే 12.4, ఆయన చూసింది ఇదే. అదే ప్లగ్గుకి ల్యాంప్ తగిలిస్తే బల్బు ఎర్రగా మినుకుమంది, మీటర్ 7కి పడిపోయింది. నిజం చెప్తున్నా, అది చూశాక ఎంత ఊరటగా అనిపించిందో.

ఇక ఆ 5 వోల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవాలి. ల్యాంప్ వెలుగుతుండగానే మీటర్ ఒక కొస నల్ల వైరు (ఎర్త్, అంటే కరెంట్ కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగెళ్ళే దారి) మీద, ఇంకో కొస బాడీలో రంగు లేని ఇనుము మీద పెట్టా, 5.1 చూపించింది. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. ఎర్ర వైరు వైపు పోయేది 0.3 మాత్రమే. అంటే రివర్స్ లైటు నుంచి వచ్చే పాజిటివ్ పర్వాలేదు, ఎర్తే పాడు. నల్ల వైరు పట్టుకుని పోతే టెయిల్ లైటు వెనక బోల్టు దగ్గర దొరికింది, పెయింట్ మీదే వాషర్ పెట్టి బిగించేశారు, రింగు చుట్టూ పచ్చగా చిలుము. ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త రింగు వేసి బిగిస్తే అక్కడ 0.05కి దిగింది, బల్బు తెల్లగా వెలిగింది. ప్లగ్గు పెట్టి రివర్స్ వేసి చెవి ఆనిస్తే నాలుగు సెన్సార్లూ టిక్ టిక్ అంటున్నాయి. ఇప్పటిదాకా మళ్ళీ ఆగలేదు.

లోపాలు కూడా చెప్పాలి. వైరు పొట్టి, డిక్కీ నుంచి బ్యాటరీ దాకా అస్సలు చాలదు. క్లిప్పు స్ప్రింగ్ కూడా మెత్తన, నేనైతే రబ్బర్ బ్యాండ్ చుట్టుకున్నా. సూదితో వైరు తొక్కలో గుచ్చకండి, ఆ చిల్లులోంచి నీళ్ళు పోయి తర్వాత చిలుము పడుతుంది, ప్లగ్గు వెనక నుంచి తాకించండి చాలు. సెన్సార్ సిగ్నల్ వైర్లకీ ఎయిర్‌బ్యాగ్ వైర్లకీ దీన్ని అస్సలు తగిలించొద్దు, అది లాగే కరెంటుకి సెన్సార్ పాడవొచ్చు, ఎయిర్‌బ్యాగ్ పేలొచ్చు.

కొనేటప్పుడు ఎల్ఈడీది మాత్రం తీసుకోకండి, అది కొద్ది మిల్లీఆంపులకే వెలుగుతుంది కాబట్టి నా కార్లో దాన్ని పెట్టి ఉంటే శుభ్రంగా వెలిగి అంతా బాగుందనే చెప్పేది. ఫిలమెంట్‌దైతే 5కి నాలుగున్నర ఇస్తా, ఆ అర వైరు పొట్టిగా ఉన్నందుకు తగ్గించా.