"లింకులన్నీ ఒకే పేజీలో పెడతాం" అంటారు, ఆ పేజీ వాళ్ళ చేతిలో ఉంటుంది. జాగ్రత్త!

క్రియేటర్ గ్రూపుల్లో తిరిగే వాళ్ళకి వీళ్ళు తెలిసే ఉంటారు. "మీ యూట్యూబ్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ మూడూ కలిపి లింక్ చేస్తాం, ఒక చోట ఉన్న ఆడియన్స్‌ని మిగతా రెండు చోట్లకీ తెస్తాం" అని ప్రతి పోస్టు కిందా కామెంట్ పెడుతుంటారే, ఆ టీమే. పేరు రాయడం లేదు. పేరు పెట్టి రాసిన ఇంకొకరి పోస్టు మీద కంప్లయింట్లు పెట్టి తీయించేశారు. ఇది కూడా అలా పోతే చదవాల్సిన వాళ్ళకి అందదు. పని తీరు చెప్తాను, మీకే అర్థమవుతుంది.

నాది హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పే చానెల్. యూట్యూబ్‌లో చూసేవాళ్ళు ఉన్నారు గానీ ఇన్‌స్టాలో చిన్న రీల్స్ చూసే పిల్లలు పూర్తి పాఠం దాకా రావడం లేదు. ఫేస్‌బుక్‌లో తల్లిదండ్రులు ఉన్నారు, వాళ్ళకి యూట్యూబ్ చానెల్ ఉన్న సంగతే తెలియదు. ఈ ముగ్గురినీ ఒక దారిలోకి తేవాలన్నది నా ఆలోచన. వీళ్ళు సరిగ్గా ఆ పనే చేస్తామన్నారు. పాస్‌వర్డ్ అడగలేదు. అడిగి ఉంటే అక్కడే ఆపేసేదాన్ని. యూట్యూబ్ స్టూడియోలో, అంటే చానెల్ నడిపే చోట, పర్మిషన్స్‌లోకి వెళ్ళి ఎడిటర్, అది కూడా లిమిటెడ్, ఇస్తే చాలన్నారు. ఆ స్థాయిలో ఉన్నవాళ్ళు ఆదాయం చూడలేరు, పబ్లిష్ అయిన వీడియో డిలీట్ చేయలేరు, కొత్తవాళ్ళని చేర్చలేరు. అన్నీ చదువుకునే ఇచ్చాను. అందుకే చెప్తున్నాను, జాగ్రత్తగా ఉండేవాళ్ళు కూడా ఇందులో పడతారు. ఎందుకంటే మోసం పర్మిషన్‌లో లేదు, లింకులో ఉంది.

వాళ్ళు చేసిన పని ఇదీ. నా పేరు, నా ఫోటో పెట్టి వాళ్ళ సొంత డొమైన్ (వెబ్ అడ్రసు) మీద ఒక పేజీ తయారు చేశారు. అందులో యూట్యూబ్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ బటన్లు. తర్వాత నా పాత వీడియోలన్నిటి డిస్క్రిప్షన్లలో ఉన్న నా అసలు లింకులు తీసేసి, వాటి స్థానంలో ఆ పేజీ లింకు పెట్టారు. ఇన్‌స్టా బయోలో అదే లింకు, ఫేస్‌బుక్ పేజీలో అదే. "ఎక్కడ నొక్కినా ఒకే చోటికి వస్తారు, అక్కడి నుంచి అన్ని చోట్లకీ వెళ్తారు" అన్నారు. చూడ్డానికి చాలా శుభ్రంగా ఉంది. నెల నెలా రిపోర్టు పంపారు, వేలల్లో క్లిక్కులు.

ఆ క్లిక్కులు నిజమైతే యూట్యూబ్ అనలిటిక్స్‌లో కనపడాలి కదా? ట్రాఫిక్ సోర్స్‌లో ఎక్స్‌టర్నల్ అని ఒకటి ఉంటుంది, బయటి సైట్ల నుంచీ యాప్‌ల నుంచీ ఎంతమంది వచ్చారో అక్కడ తెలుస్తుంది. నాకు అందులో కదలికే లేదు. అడిగితే "అల్గోరిథం అప్‌డేట్ అవ్వడానికి టైమ్ పడుతుంది మేడమ్" అన్నారు. ఎక్స్‌టర్నల్ లెక్కకీ అల్గోరిథంకీ సంబంధమే లేదు. అది మన వీడియోకి జనం ఎక్కడి నుంచి వచ్చారో చూపించే లెక్క, అంతే. ఇంకొకటి, షార్ట్స్ డిస్క్రిప్షన్లలో కూడా లింకులు పెట్టి దానికి విడిగా డబ్బు తీసుకున్నారు. షార్ట్స్ డిస్క్రిప్షన్లలో, కామెంట్లలో లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా తెరుచుకోవు. యూట్యూబే ఆపేసింది. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకి అది తెలియకపోవడం ఉండదు. తెలిసే అమ్మారు.

ప్యాకేజ్ గడువు అయిపోయింది. రెన్యూ చేయనని మర్యాదగా మెసేజ్ పెట్టి, స్టూడియోలో వాళ్ళ యాక్సెస్ తీసేశాను. పోయింది పోయింది, ఇక్కడితో సరి అనుకున్నాను.

తర్వాత ఒక అమ్మ నుంచి మెయిల్ వచ్చింది. "టీచర్ గారూ, మా అబ్బాయి మీ వీడియో కింద లింకు నొక్కితే బెట్టింగ్ యాప్ వచ్చింది. మీరు కూడా ఇలాంటివి పెడతారా?" అని.

నేను వెంటనే నొక్కి చూశాను. నిజమే. పైన నా ఫోటో, నా పేరు, కింద "డౌన్‌లోడ్ చేయండి, మొదటి పందెం ఉచితం" అని పెద్ద బటన్. నా మూడు బటన్లూ ఎక్కడో అడుగున, స్క్రోల్ చేస్తే గానీ కనిపించవు. నా ప్రతి పాఠం కింద ఆ లింకే ఉంది. ఏ ఒక్క వీడియోలోనూ నేను ఒక్క అక్షరం మార్చలేదు, వాళ్ళు పేజీ ఒక్కటి మార్చారు, అన్ని పాఠాల కిందా పందేల యాప్ వచ్చి కూర్చుంది. ఇంటికి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను, కానీ అందరికీ పంచిన అడ్రసు మాత్రం వాళ్ళ చేతిలో ఉండిపోయింది.

వాళ్ళకి ఫోన్ చేశాను. ఆ సంభాషణ మాట మాటకీ గుర్తుంది, రాస్తున్నాను.

"నా పేజీలో బెట్టింగ్ యాప్ ఎందుకుంది?"

"ప్యాకేజ్ అయిపోయింది కదా మేడమ్, రెన్యూ చేయని పేజీల్లో స్పాన్సర్ స్లాట్ వస్తుంది."

"నా ఫోటో, నా పేరు ఉన్న పేజీ అది."

"పేరు మీదే మేడమ్. పేజీ మాది."

"నా చానెల్ చూసేది స్కూలు పిల్లలండీ. ముందు ఆ బటన్ తీసేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

అవతల కాసేపు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం వినిపించింది. తర్వాత, "పిల్లల మీద నీకంత ప్రేముంటే డబ్బు కట్టు. లేదంటే ఒక్కో వీడియో తెరిచి నువ్వే మార్చుకో, ఖాళీగానే ఉన్నావుగా."

ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేస్తే నంబరు బ్లాక్. వాట్సాప్ బ్లాక్. గ్రూపులోంచి నన్ను తీసేశారు.

డబ్బు పోయిందన్నది నా బాధ కాదు, అది మళ్ళీ సంపాదించుకోవచ్చు. పిల్లల పేరు చెప్పి వేడుకుంటున్న మనిషితో, అదే పిల్లల్ని అడ్డం పెట్టుకుని బేరం ఆడారు చూడండి, అది నాకు మింగుడు పడటం లేదు. బటన్ తీయడానికి వాళ్ళకి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని అమ్మారు. ప్యాకేజ్ కొన్న రోజు "టీచర్లకి మేం స్పెషల్‌గా చేస్తాం మేడమ్, మా అమ్మ కూడా టీచరే" అన్నది కూడా ఇదే గొంతు.

ఇంకా అయిపోలేదు. వర్గ సమీకరణాల మీద నేను చేసిన పాఠాన్ని యూట్యూబ్ తీసేసింది, చానెల్‌కి వార్నింగ్ వచ్చింది. పరీక్షల ముందు పిల్లలు ఎక్కువగా చూసే వీడియో అది. యూట్యూబ్‌ని నేను తప్పు పట్టను. గూగుల్ అనుమతి లేని జూదం సైట్లకి చూసేవాళ్ళని ఏ రకంగా పంపినా, లింకుతో గానీ, లోగోతో గానీ, నోటిమాటతో గానీ, కుదరదని 2025 మార్చి 19 నుంచి నిబంధన గట్టిగా అమలు చేస్తున్నారు. డిస్క్రిప్షన్‌లో ఉన్న లింకు తెరిస్తే ఏం వస్తుందో దానికి చానెల్ నడిపేవాళ్ళదే బాధ్యత. లింకు వెనక పేజీ ఎవరిదన్నది యూట్యూబ్ చూడదు. మొదటిసారి కాబట్టి వార్నింగ్‌తో సరిపోయింది. యూట్యూబ్ ఇచ్చే చిన్న ట్రెయినింగ్ పూర్తి చేసి, 90 రోజుల్లో అదే తప్పు మళ్ళీ రాకపోతే వార్నింగ్ పోతుంది. అదే స్ట్రయిక్ (వార్నింగ్ తర్వాత పడే శిక్ష) అయితే వారం పాటు ఏమీ అప్‌లోడ్ చేయలేం, 90 రోజుల్లో మూడు పడితే చానెలే ఉండదు. నా ప్రతి వీడియో కిందా ఆ లింకు ఉందని గుర్తుంచుకుని ఈ లెక్క చదవండి, నాకు ఎంత టెన్షన్ పట్టుకుందో తెలుస్తుంది. అప్పీల్ పెట్టాను, జవాబు రాలేదు.

లింకులు మార్చడం గురించి ఒక మాట, ఇప్పుడు ఎవరైనా నా స్థితిలో ఉంటే పనికొస్తుంది. వాళ్ళు చెప్పినట్టు ఒక్కో వీడియో తెరవక్కర్లేదు. కంప్యూటర్‌లో స్టూడియో తెరిచి, కంటెంట్‌లో వీడియోలన్నీ టిక్ చేసి, ఎడిట్‌లో డిస్క్రిప్షన్ ఎంచుకుంటే పాత లింకు వెతికి కొత్తది పెట్టే వీలుంది. అలా చాలావరకు శుభ్రం చేశాను. పిన్ చేసిన కామెంట్లు మాత్రం చేత్తో తీయాల్సిందే, ఇంకా తీస్తూనే ఉన్నాను. ఇన్‌స్టా హైలైట్స్‌లో లింక్ స్టిక్కర్ పెట్టిన స్టోరీలు తీసేశాను. కానీ తల్లిదండ్రులు వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్న లింకుల్ని నేనేం చేయను? స్కూలు గ్రూపుల్లో "ఈ టీచర్ బాగా చెప్తారు" అని పంపినవి ఇప్పటికీ తిరుగుతున్నాయి. అవి నొక్కిన పిల్లాడికి ఈ రోజుకీ పందేల యాపే వస్తుంది, పైన నా ఫోటోతో. డొమైన్ ఎక్కడ కొన్నారో హూయిజ్‌లో (డొమైన్ల వివరాలు వెతికే చోటు) చూసి, దాన్ని అమ్మిన కంపెనీ ఫిర్యాదుల మెయిల్‌కి స్క్రీన్‌షాట్లతో సహా రాశాను. నా ఫోటో వాడుతున్నారని విడిగా ఫిర్యాదు పెట్టాను. చూడాలి.

ఇంతకీ వీళ్ళు అమ్మిన పని మనకి అన్ని చోట్లా ఉచితంగానే ఉంది. నన్ను ఎక్కువ మండిస్తున్నది అదే. యూట్యూబ్ చానెల్ పేజీలో మన లింకులు 14 దాకా పెట్టుకోవచ్చు, మొదటిది సబ్‌స్క్రయిబ్ బటన్ దగ్గరే కనిపిస్తుంది. ఇన్‌స్టా బయోలో 2023 నుంచి 5 లింకులు పెట్టుకోవచ్చు. మూడు బటన్ల కోసం మధ్యలో ఇంకొకరి పేజీ దేనికి? షార్ట్ నుంచి పూర్తి పాఠానికి పంపాలంటే షార్ట్ ఎడిట్‌లో రిలేటెడ్ వీడియో అని ఉంది, అక్కడ మన వీడియో ఎంచుకుంటే షార్ట్ మీదే కనిపిస్తుంది, నొక్కితే తెరుచుకుంటుంది. రీల్ పెట్టేటప్పుడు వేరే యాప్ లోగో పడ్డ వీడియో కాకుండా అసలు ఫైలే పెట్టాలి, లోగో ఉన్నవాటిని కొత్తవాళ్ళకి తక్కువ చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది. వీళ్ళు నా షార్ట్స్‌ని లోగోతో సహా దించి నాకే ఇచ్చి రీల్స్‌గా పెట్టమన్నారు.

నిజంగా జనం ఒక చోటి నుంచి ఇంకో చోటికి వచ్చేది లింకుల సంఖ్య చూసి కాదు. నా విషయంలో కాస్తో కూస్తో పని చేసింది ఒక్కటే. రీల్‌లో లెక్క సగం చేసి, "మిగతా సగం ఫలానా పేరుతో యూట్యూబ్‌లో ఉంది" అని నోటితో చెప్పడం. పిల్లలు పేరు టైప్ చేసి వెతుక్కుని వచ్చారు. అలా వచ్చినవాళ్ళు ఎక్స్‌టర్నల్‌లో కాదు, యూట్యూబ్ సెర్చ్‌లో కనిపించారు. అన్ని చోట్లా ఒకే పేరు, ఒకే హ్యాండిల్, ఒకే ఫోటో ఉంటే చాలా దూరం వెళ్తుంది. ఈ పని వీళ్ళు ఒక్కసారి కూడా సూచించలేదు, సూచిస్తే వాళ్ళ పేజీతో పనుండదు కదా.

కొనేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. మీ డిస్క్రిప్షన్‌లో వేరేవాళ్ళ డొమైన్ ఏదీ ఉండనివ్వకండి, ఎంత బాగున్నా సరే. ఒకే పేజీ కావాలనిపిస్తే మీ మెయిల్‌తో మీరే అకౌంట్ తెరవండి, లేదా డొమైన్ మీ పేరు మీద కొనుక్కోండి. రిపోర్టులో క్లిక్కులు చూపిస్తే మీ అనలిటిక్స్‌తో పోల్చి చూడండి. గడువు అయిపోయాక లింకు ఏమవుతుందో ముందే రాతపూర్వకంగా అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి వీళ్ళు జవాబు దాటేస్తారు, చూడండి కావాలంటే.

వీళ్ళ దగ్గర ప్యాకేజ్ తీసుకున్న ఇతర చానెళ్ళ కింద కూడా అదే డొమైన్ కనిపిస్తోంది. వంటల చానెల్ ఉంది, కథలు చెప్పే పెద్దాయన చానెల్ ఉంది, ఇంకో ట్యూషన్ చానెల్ ఉంది. దొరికిన ప్రతి చోటా వెళ్ళి "మీ లింకు ఒకసారి నొక్కి చూసుకోండి" అని కామెంట్ పెడుతున్నాను. కొందరు స్పామ్ అనుకుని తీసేస్తున్నారు. మీ వీడియో కింద అలాంటి కామెంట్ కనిపిస్తే దయచేసి తీసేయకండి, ముందు లింకు తెరిచి చూడండి.