వాగు ఆరోగ్యాన్ని పరీక్షించే కిట్: వల భేష్, ఫాస్ఫేట్ పరీక్ష నిరుపయోగం

చిన్న వాగుల నీటిని, ఆ నీటిలో బతికే జీవాలను ఒకే పెట్టెతో పరీక్షించుకోవచ్చని చెప్పి అమ్మే కిట్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. ఇందులో చేతివల, తెల్లటి ట్రే, భూతద్దం, థర్మామీటరు, నీటి కలకను కొలిచే గాజు గొట్టం, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ పట్టీలు, కరిగిన ఆక్సిజన్, నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షలకు కావలసిన ద్రావణాలు, పురుగుల బొమ్మలున్న గుర్తింపు కార్డు ఉంటాయి. ద్రావణాల సీసాలను చూసి కొనేవారే ఎక్కువగా ఉంటారు గానీ, నా దృష్టిలో ఈ పెట్టెకు విలువ తెచ్చేవి వల, ట్రే మాత్రమే.

రసాయన పరీక్ష ఏదైనా ఆ క్షణంలో సీసాలోకి తీసుకున్న నీటి సంగతే చెబుతుంది. రాత్రి ఎవరో వదిలిన మురుగు తెల్లవారేసరికి దిగువకు కొట్టుకుపోతే, ఉదయం చేసే పరీక్షలో దాని జాడ దొరకకపోవచ్చు. రాళ్ళ అడుగున నెలల తరబడి పెరిగే మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై అనే కీటకాల లార్వాలు (పిల్ల పురుగులు) మాత్రం ఆ మురుగును తట్టుకోలేక చచ్చిపోతాయి, అవి కనిపించకపోవడమే జరిగినదానికి సాక్ష్యంగా మిగులుతుంది. అందుకే వల నాణ్యతను నేను ముందుగా చూస్తాను. ఈ వల కన్నులు అర మిల్లీమీటరు ఉన్నాయి. ఇంతకంటే పెద్దవైతే చిన్న లార్వాలు జారిపోతాయి, బాగా చిన్నవైతే ఒండ్రు పట్టి వల మూసుకుపోతుంది. చట్రం అడుగు అంచు తిన్నగా ఉన్నందున వల వాగు అడుగుకు ఆనుకుని నిలుస్తుంది. నీరు రాళ్ళ మీదుగా గలగలా పారే లోతులేని చోట దీన్ని దిగువన నిలిపి, ఎగువనున్న రాళ్ళను కాలితో కదిలించాలి.

వలలో పడినదాన్ని ట్రేలో కొద్దిపాటి నీటిలోకి వంచి కదపకుండా ఉంచితే, తెల్లటి అడుగు మీద జీవాల కదలిక స్పష్టంగా తెలుస్తుంది. స్టోన్‌ఫ్లై లార్వాకు రెండు తోకలు, ప్రతి కాలి చివర రెండు గోళ్ళు ఉంటాయి. మేఫ్లై లార్వాకు సాధారణంగా మూడు తోకలు, పొట్ట పక్కల మొప్పలు, కాలికి ఒకే గోరు ఉంటాయి. కిట్‌లోని భూతద్దం ఈ గోళ్ళను చూపగలిగేంత మంచిది. తక్కువ ఆక్సిజన్‌లోనూ బతకగల ఎర్రటి కైరోనమిడ్ (దోమను పోలిన కీటకం) లార్వాలు, ట్యూబిఫెక్స్ అనే సన్నని బురద పురుగులు తప్ప మరేమీ దొరకకపోతే, ఆ నీటిలో ఆక్సిజన్ కొరత ఉన్నదని గట్టిగా అనుమానించవచ్చు.

గుర్తింపు కార్డు మీద నాకు పెద్ద అభ్యంతరమే ఉంది. అది ఒక్కో పురుగు కుటుంబానికి 1 నుంచి 10 వరకు, కాలుష్యాన్ని తట్టుకోలేనివాటికి ఎక్కువగా, మార్కులిచ్చి, మొత్తాన్ని దొరికిన కుటుంబాల సంఖ్యతో భాగించమంటుంది. ఎక్కువసేపు వెతికితే మొత్తం పెరుగుతుంది గనుక సగటును అడగడం సరైనదే. కానీ ఈ మార్కుల పద్ధతి బ్రిటన్ నదుల కోసం రూపొందినదని కార్డు ఎక్కడా చెప్పదు. వెచ్చని ప్రాంతాల వాగుల్లో స్టోన్‌ఫ్లై జాతులు సహజంగానే తక్కువ కాబట్టి, అక్కడ మార్కులు తగ్గినంత మాత్రాన కాలుష్యమని తేల్చకూడదు. మురుగు కలిసే చోటికి ఎగువన, అదే రకమైన రాతి అడుగున్న చోట కూడా వల వేసి, రెండు ఫలితాలను పోల్చడమే న్యాయమైన పద్ధతి.

ఆక్సిజన్ పరీక్ష నమ్మదగినది. ఇది హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన పద్ధతి. మాంగనీసు లవణం, క్షారంతో కూడిన అయోడైడు కలపగానే గోధుమరంగు మడ్డి ఏర్పడితే ఆక్సిజన్ ఉన్నట్టు, తరువాత ఆమ్లం వేసి థయోసల్ఫేట్ చుక్కలతో దాని మోతాదును లెక్కిస్తారు. అయితే ఒక్కో చుక్క లీటరుకు 1 మిల్లీగ్రాముతో సమానం కావడం వల్ల సూక్ష్మమైన తేడాలు అందవు. ఇంకో లోపం, ఉష్ణోగ్రతల పట్టిక లేకపోవడం. సముద్రమట్టం వద్ద 20 డిగ్రీల సెల్సియస్ నీరు సంతృప్త స్థితిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను, 30 డిగ్రీల నీరు 7.6 మిల్లీగ్రాములను పట్టి ఉంచుతాయి. కాబట్టి 7 అనే అంకె ఒక చోట మామూలు, మరో చోట హెచ్చరిక. నాచు పగలు ఆక్సిజన్‌ను విడుస్తుంది, రాత్రి వాడుకుంటుంది గనుక, అది దట్టంగా పెరిగిన వాగులో మధ్యాహ్నం కొలత అందంగా వస్తుంది, అసలు పరిస్థితి తెల్లవారుజామున గానీ బయటపడదు.

పీహెచ్ పట్టీలు, కలక గొట్టం పనికి సరిపోతాయి. నైట్రేట్ ఫలితాన్ని నైట్రేట్‌గా చెబుతున్నారో, అందులోని నత్రజనిగా చెబుతున్నారో కరపత్రం చెప్పాలి, ఎందుకంటే రెండింటి మధ్య తేడా 4.43 రెట్లు.

ఫాస్ఫేట్ సీసాను మాత్రం నేను వాడవద్దనే చెబుతాను. దాని రంగుల పట్టికలో సున్నా తరువాతి మెట్టు లీటరుకు 0.5 మిల్లీగ్రాములు. వాగుల్లో నాచు విజృంభించడానికి ఫాస్ఫేట్‌లోని భాస్వరం లీటరుకు 0.1 మిల్లీగ్రాము కంటే తక్కువైనా చాలు. అంటే జబ్బుపడిన వాగుకు కూడా ఈ పరీక్ష సున్నా చూపి, అంతా బాగుందన్న తప్పుడు భరోసా ఇస్తుంది. ఈ ఒక్క పరీక్షను ప్రయోగశాలలో చేయించుకోవడం మేలు.

వాడిన ద్రావణాలను పోసుకోవడానికి కిట్‌లో ఖాళీ సీసా ఇవ్వలేదు, మూత గట్టిగా పట్టేది ఒకటి వెంట తీసుకువెళ్ళండి, ఆ ద్రావణాలను వాగులో పారబోయకండి. ఒక వాగులో వాడిన వలను కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే మరో వాగులోకి దించమని కరపత్రం చెప్పిన మాటను తప్పక పాటించండి, పరాయి జీవాలు వల తడితో పాటే ప్రయాణిస్తాయి.