పేషెంట్ ఫోటో దేంతో తీయాలి: సొంత ఫోనా, ఆస్పత్రి యాపా, కెమెరానా, పేషెంట్ ఫోనేనా?

జూనియర్ డాక్టర్లు నన్ను పదే పదే అడిగేది ఒకటే: "సార్, పుండు ఫోటో నా ఫోన్‌లో తీయొచ్చా?" అడిగే సరికే సగం మంది తీసేసి ఉంటారు, అది వేరే సంగతి. ఫోటో అవసరమా కాదా అనే చర్చ ఇక్కడ పెట్టను. నిన్నటికీ ఇవాళ్టికీ పుండు తగ్గిందా పెరిగిందా, దద్దుర్లు ఎక్కడిదాకా పాకాయి అన్నది కేస్ షీట్‌లో నాలుగు లైన్లు రాసేకంటే ఒక్క ఫోటో బాగా చెప్తుంది. అర్ధరాత్రి సీనియర్ ఒపీనియన్ కావాలన్నా అదే దిక్కు. దేంతో తీయాలి అన్నదే ప్రశ్న.

దారులు నాలుగున్నాయి. సొంత ఫోన్‌లో మామూలు కెమెరాతో తీసి వాట్సాప్‌లో పెట్టడం, అదే సొంత ఫోన్‌లో ఆస్పత్రి ఇచ్చిన క్లినికల్ ఫోటో యాప్‌తో తీయడం, డిపార్ట్‌మెంట్ కెమెరా, ఇక నాలుగోది చాలామంది లెక్కలోకే తీసుకోనిది, పేషెంట్ ఫోన్‌లోనే తీయడం.

ముందు క్వాలిటీ గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే వాదనలన్నీ అక్కడే ఆగిపోతుంటాయి. ఇప్పటి ఫోన్లలో క్వాలిటీకి లోటేమీ లేదు, ఉన్న చిక్కల్లా వాటి అతి తెలివి. బ్యూటీ మోడ్ చర్మాన్ని నున్నగా చేసి సన్నటి దద్దుర్లను మాయం చేస్తుంది. పసుపు లైటు కింద ఫోన్ రంగును తనంతట తానే సర్దేస్తుంది కాబట్టి కళ్లలో కామెర్ల పచ్చదనం ఉన్నదానికంటే తక్కువో ఎక్కువో కనిపిస్తుంది. మరీ దగ్గరికి తీసుకెళ్తే లెన్సు దానికదే మారి అంచులు ఉబ్బినట్టు వస్తాయి. వీటన్నిటికీ మందు ఉంది: ఫిల్టర్లు ఆపి, పగటి వెలుగులో, కాస్త దూరంగా నిలబడి జూమ్ చేసి, పుండు పక్కన స్కేలు పెట్టి తీయండి, చాలు.

రంగు, లెన్సు విషయంలో డిపార్ట్‌మెంట్ కెమెరాదే పైచేయి, కాదనను. కానీ రాత్రి రెండింటికి అది బీరువాలో ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. పైగా దాని మెమరీ కార్డులో నెలల తరబడి పేషెంట్లందరూ పాస్‌వర్డ్ లేకుండా పడి ఉంటారు. ప్లాన్ చేసిన సర్జరీకి ముందూ తర్వాతా తీసే ఫోటోలకు పనికొస్తుంది, రోజువారీ వార్డు పనికి కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా లెక్కలో దీన్ని తేల్చేది ఒక్కటే: ఈరోజు తీసిన ఫోటోకి రేపటికల్లా ఎన్ని కాపీలయ్యాయో, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో మీరు చెప్పగలరా?

ఒక షుగర్ పేషెంట్ కాలి పుండు ఫోటో అనుకుందాం. మీ ఫోన్ గ్యాలరీలో ఒకటి పడింది. ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉంటే నిమిషాల్లో క్లౌడ్‌లో ఇంకోటి. అదే అకౌంట్‌తో ఇంట్లో ట్యాబ్ ఉంటే, పిల్లలు గేమ్ ఆడుకునే ఆ ట్యాబ్‌లోనూ, పుట్టినరోజు ఫోటోల మధ్యలో, కనిపిస్తుంది. యూనిట్ వాట్సాప్ గ్రూపులో వేశారు, అందులో పద్నాలుగు మంది ఉన్నారనుకోండి, ఇద్దరు ఎప్పుడో ఆస్పత్రి మారిపోయినవాళ్లు, మీడియా ఆటోమేటిగ్గా సేవ్ అయ్యే వాళ్లందరి గ్యాలరీల్లోకీ, అక్కడి నుంచి ఎవరి క్లౌడ్‌లోకి వాళ్లకీ వెళ్లింది. మీరు బుద్ధిగా డిలీట్ చేశారు. బ్యాకప్ అయిన ఫోటో గూగుల్ ఫోటోస్ ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఐఫోన్‌లో అయితే 'రీసెంట్లీ డిలీటెడ్'లో 30 రోజులకు పైమాటే. ఇన్ని చోట్ల ఉన్న ఆ ఫోటో, ఉండాల్సిన ఒకే ఒక్క చోట, అంటే పేషెంట్ రికార్డులో మాత్రం ఉండదు! మూడు నెలల తర్వాత ఆయన మళ్లీ వస్తే పాత పుండుతో పోల్చి చూద్దామన్నా దొరకదు, తీసిన డాక్టరుకి పోస్టింగ్ మారిపోయి ఉంటుంది. ప్రైవసీ అంటూ మాట్లాడేటప్పుడు ఈ రెండో నష్టాన్ని అందరూ మర్చిపోతారు, నాకు అదే ఎక్కువ బాధ.

ఇంకో చిన్న సంగతి. ఐఫోన్‌లో లైవ్ ఫోటో ఆన్‌లో ఉంటే క్లిక్‌కి ముందూ వెనకా ఒకటిన్నర సెకను చొప్పున వీడియో, మాటలతో సహా రికార్డవుతుంది. ముఖం రాకుండా జాగ్రత్తగా కాలు మాత్రమే తీశామనుకుంటారు, కానీ వెనక సిస్టర్ పేషెంట్ పేరు పెట్టి పిలిచింది అందులోనే ఉంటుంది.

"వాట్సాప్ ఎన్‌క్రిప్టెడ్ కదా సార్" అంటారు. నిజమే, 2016 నుంచి చాట్లన్నీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చూడలేరు. కానీ అది దారికి వేసిన కాపలా, చేరిన ఇళ్లకు కాదు. చాట్ బ్యాకప్‌కి ఆ రక్షణ 2021లో వచ్చింది, అదీ మనంతట మనం ఆన్ చేసుకుంటేనే. మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి వివరం పోతుంది కూడా.

అందుకే నా ఓటు క్లినికల్ యాప్‌కి. అది కెమెరాని తెరుస్తుంది గానీ ఫోటోని గ్యాలరీలో వేయదు, నేరుగా పేషెంట్ నంబరు కింద రికార్డులోకి పంపేస్తుంది. పేషెంట్ రికార్డుల కోసం ఎపిక్ అనే సాఫ్ట్‌వేర్ వాడే ఆస్పత్రుల్లో హైకూ అనే యాప్ చేసేది ఇదే. ఎవరు ఎప్పుడు చూశారో జాడ ఉంటుంది, ఫోన్ పోయినా ఫోటోలు పోవు, బయటపడవు. లోపాలు లేవా అంటే బోలెడు: లాగిన్ సతాయిస్తుంది, నెట్ సరిగా లేని వార్డులో లోడింగ్ చక్రం తిరుగుతూనే ఉంటుంది, వేరే ఆస్పత్రి స్పెషలిస్టుకి చూపించాలంటే కుదరదు. రెండుసార్లు లాగిన్ ఫెయిలైతే మూడోసారి ఎవరైనా వాట్సాపే తెరుస్తారు, ఇందులో జూనియర్ల తప్పు కంటే యాప్ కొన్నవాళ్ల తప్పే ఎక్కువ. 'సెక్యూర్' అని పేరులో ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. గ్యాలరీలో సేవ్ అవుతుందా, రికార్డులోకి వెళ్తుందా, డాక్టర్ ఉద్యోగం మానేస్తే యాక్సెస్ ఆగుతుందా? ఈ మూడిటికీ సూటిగా జవాబు రాకపోతే అది ఇంకో వాట్సాప్, అంతే.

యాప్ లేకపోతే? నా రెండో ఓటు పేషెంట్ ఫోన్‌కి. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఆలోచించండి: ఫోటో ఎవరిదో వాళ్ల దగ్గరే ఉంటుంది, రేపు ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లినా చూపించుకుంటారు, తీస్తున్నప్పుడే ఏం తీస్తున్నామో వాళ్లకి తెలుస్తుంది. ఇంటి దగ్గర వచ్చిపోయే దద్దుర్లకి, మూర్ఛ వీడియోలకి ఇంతకు మించింది లేదు. కాకపోతే స్పృహలో లేని పేషెంట్‌కి పనికిరాదు, రికార్డులోకి మనమే ఎక్కించాలి.

ఇంకో ప్రమాదమూ ఉంది. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, డాక్టరుకి చూపించడం కోసం పసివాడి మర్మాంగం దగ్గర వాపుని తన ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫోటో తీశాడు. అది ఆటోమేటిగ్గా గూగుల్ ఫోటోస్‌లోకి వెళ్లింది, పిల్లలపై లైంగిక దాడి ఫోటోగా వాళ్ల సిస్టమ్ దాన్ని పట్టుకుంది. అకౌంట్ మూసేశారు, మెయిల్, ఫోన్ నంబరు అన్నీ పోయాయి, పోలీసు విచారణ జరిగింది. నేరమేమీ లేదని పోలీసులు తేల్చాక కూడా అకౌంట్ తిరిగి ఇవ్వలేదని 2022లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. కాబట్టి పిల్లల విషయంలో, మర్మాంగాల విషయంలో "ఫోటో తీసి పంపండి" అని తేలిగ్గా అనకండి. వీలైతే పిలిపించి కళ్లారా చూడండి.

కన్సెంట్ గురించి ఒక్క మాట. వైద్యం కోసం ఒప్పుకున్నవాళ్లు క్లాసులో చూపించడానికి ఒప్పుకున్నట్టు కాదు, జర్నల్‌కి అసలే కాదు, వేటికవి విడిగా అడగాలి. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే సరిపోతుందనుకునే రోజులు పోయాయి, అది చాలదని మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీయే తన మార్గదర్శకాల్లో రాసింది. ముఖం లేకపోయినా పచ్చబొట్టు, పుట్టుమచ్చ, మంచానికున్న పేరు చీటీ, వెనక మానిటర్ మీది నంబరు చాలు మనిషిని పట్టించడానికి. మంచం చుట్టూ ఏముందో చూసుకున్నాకే క్లిక్ కొట్టండి.

ఎమర్జెన్సీలో సొంత ఫోన్ తప్ప గతి లేదనుకోండి, అది ఒప్పుకుంటాను. కెమెరా ఫోల్డర్‌కి బ్యాకప్ ముందే ఆపి ఉంచండి, లైవ్ ఫోటో ఆపండి, అదే డ్యూటీలో రికార్డులోకి ఎక్కించి గ్యాలరీలోనూ ట్రాష్‌లోనూ తీసేయండి. ఒపీనియన్ కోసమైతే గ్రూపులో వేయకుండా ఒక్కరికే, ఒక్కసారి చూడగానే మాయమయ్యే 'వ్యూ వన్స్'లో పంపండి, వాళ్లు చెప్పింది కేస్ షీట్‌లో రాయండి. గ్రూపులో వేసి తర్వాత 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టినా అవతలివాళ్ల ఐఫోన్ గ్యాలరీలో ఒకసారి సేవ్ అయింది అక్కడే ఉండిపోవచ్చు.