పిల్సెన్ వెళ్లండి, ప్రాగ్ స్క్వేర్ దగ్గర మాత్రం కూర్చోకండి

చెక్ దేశం వెళ్లి బీరు తాగాలనుకునేవాళ్లు ప్రాగ్ ఓల్డ్ టౌన్ స్క్వేర్ దగ్గర డబ్బు తగలేయకండి. మ్యూనిక్‌లో ఉండే అక్కా బావలతో కలిసి ఆ స్క్వేర్ పక్క సందులో ఒక రెస్టారెంట్‌లో కూర్చున్నాను. 0.4 లీటర్ల బీర్లు రెండు 278 కొరూనాలు, బావకి గూలాష్ అనే మాంసం కూర 349, శాకాహారి అక్కకి వేయించిన చీజ్ 289. అడక్కుండా తెచ్చిపెట్టిన బ్రెడ్డు బుట్టకి 79, బిల్లంతటి మీద 15 శాతం సర్వీసు. మొత్తం 1,144 కొరూనాలు, అంటే నాలుగు వేల రూపాయల పైమాటే. బ్రెడ్డు మేం ముట్టుకోనేలేదని అక్క చెబితే, వెయిటర్ మెనూ అట్ట అడుగున ఉన్న చిన్న అక్షరాలు వేలితో చూపించి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమంతా అక్క ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు పిల్స్‌నర్ ఉర్క్వెల్ బీరు పుట్టిన ఊరు పిల్సెన్‌కి రైలు, గంటన్నర. బావకి ఇష్టం లేదు. "జపాన్ వాళ్లు కొనేసిన బీరు కోసం ఇంత దూరమా?" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. పిల్స్‌నర్ ఉర్క్వెల్ 1999లో సౌత్ ఆఫ్రికన్ బ్రూవరీస్ చేతికి వెళ్లింది. ఆ కంపెనీ వారసురాలు శాబ్‌మిల్లర్‌ని 2016లో బీరు దిగ్గజం ఏబీ ఇన్‌బెవ్ కొంది. గుత్తాధిపత్య నిబంధనల వల్ల తూర్పు యూరప్ బ్రాండ్లు అమ్ముకోవాల్సి వస్తే, 2017లో జపాన్ కంపెనీ అసాహీ తీసుకుంది. మన కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ కూడా 2021 నుంచి డచ్ కంపెనీ హైనెకెన్ అదుపులోనే ఉంది కదా.

కానీ ఆ బ్రూవరీ నేలమాళిగల్లోకి దిగాక బావ నోరు మెదపలేదు. బ్రూవరీ కింద కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు, ఎముకలు కొరికే చలి. 1838లో బీరు బాగాలేదని జనం పీపాలు తెచ్చి టౌన్ హాల్ ముందే పారబోశారట. ఆ కోపంలోంచే కొత్త బ్రూవరీ పుట్టింది. బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ 1842లో అక్కడే మొదటి బంగారు రంగు లాగర్ కాచాడు. ఓక్ పీపాలోంచి వడకట్టకుండా నేరుగా గ్లాసులోకి పట్టి ఇచ్చారు. మెత్తటి చేదు, గట్టి నురగ. యజమాని ఎవరైతేనేం, ఆ గ్లాసులో ఏ లోపమూ లేదు. బయటికొచ్చి ఒక మామూలు పబ్‌లో కూర్చుంటే అర లీటరు 65 కొరూనాలే. అదే వేయించిన చీజ్ 195, ప్రాగ్‌లో తిన్నదానికంటే పెద్ద ముక్క. అక్క ముఖం విప్పారింది, ఇంకో ప్లేటు చెప్పింది.

తర్వాత చెస్కే బుడెయొవిట్సే అనే ఊరు. అక్కడి బుడ్‌వార్ బ్రూవరీ 1895 నాటిది, ఇప్పటికీ ప్రభుత్వానిదే. అమెరికా బడ్‌వైజర్‌తో పేరు కోసం వందేళ్లకు పైగా కొట్లాడుతోంది. అందుకే అమెరికాలో చెక్‌వార్ అనే పేరుతో అమ్మాల్సి వచ్చింది. ఆ అమెరికా కంపెనీనే 2008లో ఇన్‌బెవ్ 52 బిలియన్ డాలర్లకు కొనేసింది. ఇన్ని చేతులు మారిన ఈ వ్యాపారంలో బుడ్‌వార్ ఎవరికీ లొంగకుండా నిలబడటం నాకు గర్వంగా అనిపించింది, అది నా దేశం కాకపోయినా. రుచిలో మాత్రం నా ఓటు పిల్సెన్‌కే. బావ బుడ్‌వార్ అంటాడు, ఇంటికొచ్చేదాకా వాదించాడు.

ఒక్క రోజే చేతిలో ఉంటే పిల్సెన్ చాలు. ఇంగ్లిష్ టూరు ముందే బుక్ చేసుకోండి, ఎండాకాలమైనా స్వెటర్ పట్టుకెళ్లండి.