విశాఖలో మేం దిగే సందు హోటల్

మా వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు విశాఖ షాపులకు వేసే పని మీద 2018 నుంచి ఏడాదికి నాలుగైదు సార్లు ఆ ఊరు వెళ్తున్నాను. కరోనా రోజులు వదిలేస్తే ప్రతిసారీ దిగింది ఒకే హోటల్‌లో. ఆర్కే బీచ్‌కు నడిచి పది నిమిషాలు, మెయిన్ రోడ్డు వదిలి లోపలి సందులో ఉంటుంది. గదిలోంచి సముద్రం కనిపించదు, డాబా ఎక్కితే రెండు బిల్డింగుల మధ్య నీలంగా ఒక ముక్క కనిపిస్తుంది.

దాన్ని వదలకపోవడానికి అసలు కారణం చెకౌట్. మన వరంగల్ వాళ్లం ఎక్కువగా గోదావరి ఎక్స్‌ప్రెస్‌కే వెళ్తాం. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. 2023 జనవరి నుంచి వందే భారత్ కూడా వరంగల్‌లో ఆగుతోంది గానీ, ప్రయాణం నిద్రలో అయిపోవడమే నాకిష్టం. చాలా హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండు దాటితే గానీ గది ఇవ్వరు. అంతదాకా మూటలతో ఎక్కడ కూర్చోవాలి? ఇక్కడ 24 గంటల పద్ధతి. పొద్దున ఆరున్నరకు తాళం తీసుకుంటే మర్నాడు ఆరున్నర వరకు గది మనదే.

2018లో నాన్ ఏసీ గది 800 ఉండేది. వెయ్యి లోపు గదులకు అప్పట్లో జీఎస్టీ లేదు. 2022 జూలైలో వాటికీ 12 శాతం పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 వరకు గదులకు 5 శాతమే. మొన్న ఏసీ గదికి 1,600, పన్నుతో కలిపి 1,680 కట్టాను. బిల్లులో ఆ శాతం ఒకసారి చూసుకోండి.

మార్చి దాటితే మాత్రం ఏసీయే తీసుకోండి. వరంగల్‌లో ఎండ మండినా గాలి పొడిగా ఉంటుంది, కూలర్‌తో గడిచిపోతుంది. విశాఖలో గాలి నిండా తేమ, కూలర్ పెడితే ఉక్క ఇంకా పెరుగుతుంది. ఒక మే నెలలో డబ్బు మిగులుతుందని నాన్ ఏసీ తీసుకుని రాత్రంతా కన్ను మూయలేదు.

ఉప్పుగాలి ఆ హోటల్‌ను తినేస్తోంది. ఇది బాధతోనే రాస్తున్నా. కిటికీ గడియ తుప్పు పట్టి సగంలో ఆగిపోయింది. రెండుసార్లు చెప్పాను, "చేయిస్తామండి" అన్నారు, చేయించలేదు. మూడోసారి వెళ్లినప్పుడు అర్ధరాత్రి వాన జల్లు లోపలికి కొట్టి, కిటికీ కింద పెట్టిన శాంపిల్ మూట తడిసింది. ఎర్ర అంచు రంగు తెల్ల నూలు మీదికి దిగింది. నేత మనిషి పది రోజుల కష్టం అది. పొద్దున్నే రూమ్ బాయ్ వచ్చి చూసి, ఏమీ మాట్లాడకుండా జంపఖానాలన్నీ డాబా మీద పరిచి, ఎగిరిపోకుండా అంచులకు ఇటుకలు పెట్టాడు. గడియ మార్చడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అయినా ఆ అబ్బాయి కోసమే అప్పుడు ఆ హోటల్ మానలేదు.

దుప్పట్లు శుభ్రం. తువ్వాళ్లు పల్చన, మీవి తెచ్చుకోండి. వేడినీళ్లు తొమ్మిది వరకే.

పిల్లలతో వెళ్తే కురుసుర జలాంతర్గామి మ్యూజియం తప్పకుండా చూపించండి. కానీ ఆర్కే బీచ్‌లో మాత్రం అలల్లోకి దిగనివ్వొద్దు. అక్కడ లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, అల వెనక్కి లాగుతుంది. చెరువుల్లో ఈత వచ్చిన ధైర్యం సముద్రంలో పనికిరాదు.

గది అడిగేటప్పుడు మూడో అంతస్తులో వెనక వైపు అడగండి. సందు వైపు గదులకు టిఫిన్ బండి గిన్నెల చప్పుడు నాలుగున్నరకే మొదలవుతుంది.