సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4: ఆ మసక లెన్స్‌దా, వయసుదా?

అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్ 1.4లో తీసిన ఫొటో చూసి ‘షార్ప్‌గా లేదు’ అని ఈ పాత లెన్స్‌ను పక్కన పెట్టేవాళ్లు చాలామంది. పూర్తిగా జూమ్ చేసి చూడండి. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగానే కనిపిస్తాయి, వాటిమీద పల్చటి తెల్ల పొర ఉంటుంది, అంతే. అది స్ఫెరికల్ అబరేషన్ (గాజు అంచు కిరణాలు, మధ్య కిరణాలు ఒకేచోట కలవకపోవడం), డిజైన్‌తోనే వచ్చింది. ఎఫ్ 2కి తిప్పితే చాలావరకు పోతుంది. 2.8 దగ్గర ఫ్రేమ్ మధ్యభాగం ఇప్పటి లెన్సులకు పెద్దగా తీసిపోదు. మూలలు కుదురుకోవాలంటే 5.6, 8 దాకా వెళ్లాల్సిందే. 2.8లోనూ తెల్లపొర వదలకపోతే డిజైన్‌ను తిట్టకండి. వెనకనుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. గాజు లోపల పొగమంచులా ఉంటే హేజ్ (మసక పొర), సాలెగూడు పోగుల్లా ఉంటే ఫంగస్ (బూజు). మన వానాకాలం తేమలో డ్రై క్యాబినెట్ (తేమను దూరంగా ఉంచే పెట్టె) లేకుండా బ్యాగులో మూలపడి ఉన్న లెన్సుల్లో రెండోదే ఎక్కువ.

1964లో జపాన్ కంపెనీ అసాహి (పెంటాక్స్) దీన్ని 8 ఎలిమెంట్లతో (గాజు బిళ్లలతో) తెచ్చింది, తర్వాత 7కి మార్చింది. ఎక్కువగా దొరికేది ఈ ఏడు ఎలిమెంట్లదే. దీని వెనకవైపు గాజులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ రేడియేషన్‌కు గాజు టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. రంగును వైట్ బ్యాలెన్స్ సరిచేస్తుంది కానీ, గాజు మింగేసిన వెలుతురు తిరిగి రాదు. యూవీ పడితే పసుపు విరుగుతుంది. అలాగని మే నెలలో మేడమీద ఎండలో పెట్టకండి: హెలికాయిడ్ (ఫోకస్ తిప్పే మర) గ్రీజు పల్చబడి అపర్చర్ బ్లేడ్ల మీదికి పాకుతుంది, పైగా లెన్స్ ఎండను ఒకచోట కూడగట్టి కింద ఉన్నదాన్ని కాల్చేస్తుంది. చిన్న యూవీ ఎల్ఈడీ కింద కొన్నాళ్లు ఉంచడం మేలు.

లెన్స్ పరీక్షకు గోడ ఇటుకలకన్నా రాత్రి చార్మినార్ నయం. దీపాలు ఫ్రేమ్ మూలకు వచ్చేలా పెట్టి 1.4లో తీస్తే చుక్కలన్నీ రెక్కలు విప్పుతాయి, అది కోమా. నాలుగు మూలల్లో ఒకే తీరుగా ఉంటే ఫర్వాలేదు. ఒక్క మూలే బాగా చెదిరితే ఎలిమెంట్ పక్కకు జరిగినట్టు, ఆ లెన్స్ వద్దు. ఈ పరీక్షకు ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్ వాడండి, స్టెబిలైజేషన్ (కెమెరా వణుకును సర్దే ఏర్పాటు) ఆఫ్ చేయండి. అపర్చర్ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఫోకస్ చేయాలి, ఎందుకంటే ఫోకస్ కాస్త జరుగుతుంది. లాడ్ బజార్ బల్బులు వెనక పెడితే బొకే (వెనకటి మసక) చూడముచ్చటగా ఉంటుంది. ఫ్రేమ్ అంచుల్లో పిల్లి కళ్లలా నొక్కుకున్న వెలుగు చుక్కలు, ఫోకస్ ముందు ఊదా, వెనక ఆకుపచ్చ అంచులు మామూలే.

ఈ లెన్స్‌ను ఇప్పటి కెమెరాకు బిగించే అడాప్టర్ మీద పొదుపు చేయకండి. ఇది ఎం42 (మరతో బిగించే) లెన్స్. బిగింపు నుంచి సెన్సర్‌కు దూరం దీనికి 45.46 మి.మీ. కావాలి, సోనీ ‘ఇ’ మౌంట్ కెమెరాల్లో అది 18. మిగతా 27.46 అడాప్టర్ ఇవ్వాలి. మందం కాస్త ఎక్కువైతే దూరపు భవనాలు ఎప్పటికీ ఫోకస్‌కు రావు. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లో ఆ దూరం ఇంకా ఎక్కువ కాబట్టి దూరపు ఫోకస్‌కు గాజు ఉన్న అడాప్టర్ తప్పదు, ఆ గాజు ఉన్న నాణ్యతనూ చెడగొడుతుంది. ఇంకోటి: లెన్స్ పక్కనున్న స్విచ్ ‘ఎ’ (ఆటో)లో ఉంటే, వెనక పిన్ను నొక్కని అడాప్టర్ల మీద అపర్చర్ రింగ్ ఎంత తిప్పినా బ్లేడ్లు కదలవు. ‘ఎం’ (మాన్యువల్)లో పెట్టండి.

ఎదురు వెలుతురులో మాత్రం ఇది బలహీనమే, గాజు మీద మెరుపు తగ్గించే పూత ఒక్కటే (సింగిల్ కోటింగ్) కదా. 49 ఎంఎం హుడ్ (పక్క వెలుతురును ఆపే తొడుగు) బిగిస్తే కాంట్రాస్ట్ కొంత నిలుస్తుంది. ఎక్కువగా ఎండకు ఎదురుగా తీసేవాళ్లు 1971 తర్వాతి మల్టీకోటెడ్ (పలు పూతలున్న) ఎస్ఎంసీ టకుమార్ వెతుక్కోవడమే మంచిది.